గుండీలక్క చలి సంత

నగరం నడిబొడ్డున, గడియార స్తంభం పక్క సందులో ఆమెది గుప్పెడంత దుకాణం. గోడ పొడవునా సొరుగులు, ఒక్కో సొరుగు మీద అతికించిన ఒక్కో గుండీ. తండ్రి తరవాత ఇరవై రెండేళ్లుగా ఆమే నడుపుతోంది. ఎవరు ఏ చొక్కా గుండీ పోగొట్టుకుని వచ్చినా, కళ్లు మూసుకుని సరైన సొరుగే లాగేది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె గుండీలక్క.

ఊరి చివర అద్దాల మాల్ లేచాక జనం అటు మళ్లారు. చలికాలం సాయంత్రాలైతే, తోలుకోవడానికి ఈగలు కూడా ఉండేవి కావు.

ఒక ఏడాది చెల్లెలి కాన్పుకు సాయంగా జర్మనీ వెళ్లి, మూడు నెలలుండి వచ్చింది. వచ్చిన మర్నాడే భర్త దగ్గర మొదలుపెట్టింది.

"ఎముకలు కొరికే చలండీ అక్కడ! అయినా ఊరంతా నడివీధిలోనే. చెక్క కొట్లు, దీపాలు, పాటలు, పొగలు కక్కే ద్రాక్షరసం... మన వీధికేం తక్కువ?"

"చలి కాస్త తక్కువ," అన్నాడు సిటీ బస్సు డ్రైవరైన ఆయన, చెవులకు మఫ్లరు చుట్టుకుంటూ.

వర్తకుల సమావేశంలో ఆమె అలాంటి చలి సంత పెడదామంటే, తాళాల షాపు పెద్దాయన కొట్టిపారేశాడు. "చలికి ముసుగు తన్ని పడుకోవాలి గానీ వీధిలో నిలబడతారా? గాలి మారి నీకు మతి మారిందమ్మా."

"మూడంటే మూడు రోజులు బాబాయ్. జనం రాకపోతే మళ్లీ ఈ మాటెత్తను."

ఆమె పోరు పడలేక సరేనన్నారు. వడ్రంగికి అట్టముక్క మీద కొట్టు బొమ్మ గీసిచ్చింది.

"కప్పు ఇంత ఏటవాలుగా ఎందుకక్కా?"

"మంచు జారిపోవడానికి."

"మన దగ్గర మంచెక్కడ పడుతుంది?"

"మంచు పడకపోతే పోనీ, జనం విరగబడితే చాలు!"

పన్నెండు కొట్లు లేచాయి. మిగిలిన చెక్కతో వడ్రంగి పిల్లలకు రంగులరాట్నం చేశాడు. ఎనిమిది గుర్రాల్లో ఒకదానికి చెవులు మరీ పొడవయ్యాయి. పిల్లలు దాన్ని గాడిదన్నారు, దాని కోసమే కొట్టుకున్నారు.

మొదటి సాయంత్రం నిజంగానే జనం వచ్చారు. గుండీలక్క లవంగాలు, దాల్చినచెక్క వేసి కాచిన ద్రాక్షరసం గ్లాసుల్లో పోస్తోంది. ఇంతలో రాట్నం మోటారు గుర్రుమని ఆగిపోయింది. పైనున్న పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆమె గరిటె పట్టుకునే పరుగెత్తింది.

అప్పటిదాకా షాపు గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్న పెద్దాయన కిందికి దిగాడు. మోటారు విప్పి చూసి పెదవి విరిచాడు. పంచె ఎగ్గట్టి, రాట్నానికి భుజం ఆనించాడు.

"చూస్తారేంటయ్యా, పట్టండి!"

వడ్రంగి ఒక పక్క, బస్సు డ్రైవరు ఒక పక్క. రాట్నం కదిలింది. పిల్లల ఏడుపు కేరింతలుగా మారింది. తొయ్యడానికి కుర్రాళ్లు వరస కట్టారు. ఎక్కడానికి అమ్మమ్మలు కూడా!

చెమటలు కక్కుతూ పెద్దాయన ఆమె దగ్గరికొచ్చాడు.

"ఓ గ్లాసు పొయ్యి. ఏం చలమ్మా ఇది, ఉక్కపోసి చస్తున్నా!"

మూడు రోజుల సంత పదిరోజులైంది. మరుసటి ఏడు కొట్లు ముప్పై. సంఘం సమావేశంలో ఎవరో కొత్త మోటారు కొందామన్నారు. పెద్దాయన వాళ్లను కూర్చోమన్నాడు. "మోటారు పెడితే మేమేం చెయ్యాలి?"