గుమ్మం నుంచి గుమ్మానికి

విమాన టికెట్ల ఆఫీసులో మూడో కౌంటరు ఆవిడకి గోడమీది బోర్డంటే ఒళ్లుమంట. రెండు నగరాల మధ్య ఏడువేల కిలోమీటర్లు, తొమ్మిది గంటలు అని ఉంటుంది దానిమీద. "ఎన్ని గంటల ప్రయాణమండీ?" అని ఎవరైనా అడిగితే చాలు, కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, చెవిమీది పెన్సిలు తీసి, "మోకాళ్లెలా ఉన్నాయి?" అని మొదలుపెడుతుంది. ఇంటి గుమ్మం దగ్గర టాక్సీ ఎక్కడం, మోకాళ్లను బట్టి నడకకి పట్టే సమయం, తనిఖీల దగ్గర వరసలు, మధ్యలో విమానం మారడం, పెట్టె కోసం పడిగాపులు, అన్నీ కలిపి టికెట్టు కవరుమీద ఇంతేసి అక్షరాలతో రాస్తుంది: పంతొమ్మిది గంటలు. "ఇలా భయపెడితే ఎవరు కొంటారు? ఇంకోసారి రాశారంటే ఉద్యోగం ఊడుతుంది" అని మేనేజరు పెన్సిలు లాక్కున్నాడు. మర్నాడు ఆవిడ ఎర్ర స్కెచ్ పెన్నుతో వచ్చింది.

వారం తిరక్కుండానే మేనేజరు వచ్చి ఆవిడ కౌంటరు ముందు నిలబడ్డాడు. "మా అమ్మ ఒక్కతే వెళ్లాలండీ. నిజంగా ఎన్ని గంటలు పడుతుంది?" ఆవిడ తలెత్తలేదు. "బోర్డుమీద మీరే రాయించారుగా సార్, చూసుకోండి." అతను కదల్లేదు. అప్పుడు ఆవిడ ఎర్ర పెన్ను మూత తీసింది. "సరే, చెప్పండి. అమ్మగారి మోకాళ్లెలా ఉన్నాయి?"