గోడ దగ్గరికి వచ్చిన మనిషి

గ్రౌండు గోడ పక్కన ఉండే ఆమె, భర్త వచ్చిన రోజున అక్కడ లేదు. రాజమండ్రిలో జాతీయ స్థాయి కబడ్డీ పోటీలు జరుగుతున్న వారం అది. గ్రౌండు గోడకు కొత్త రంగు వేసి, తొడ కొడుతున్న ఆటగాళ్ల బొమ్మలు గీశారు. గోనెసంచి పట్టుకున్న ఒక మనిషి ఆ బొమ్మల ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి నేను టీ తాగుతున్న బడ్డీ దగ్గరికి వచ్చాడు.

“ఏవండీ, ఇక్కడ మావాళ్లుండాలి కదండీ?”

బడ్డీ ఆయన అతన్ని గుర్తుపట్టాడు. “నువ్వా! రొయ్యల చెరువుల మీదకెళ్లి మరీ నల్లబడిపోయేవే. ఆటలని చెప్పి అందర్నీ వ్యానెక్కించేసేరయ్యా. ఇంకెక్కడికి, కొవ్వూరే. ఎప్పుడూ దింపేదక్కడేగా.”

“మా ఆవిడ్ని కూడానా అండి?”

“వదిలేత్తారేంటి, కలెక్టరు గారి అత్తగారా?”

అతను నవ్వలేదు. టీ ఇస్తే వద్దని, బ్రిడ్జి వైపు నడిచాడు.

అప్పటికి నాకూ వేరే సంగతి తెలియదు. ఊళ్లోకి పెద్దవాళ్లెవరు వస్తున్నా అధికారులు ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లను గోదావరి దాటించి వదిలేయడం, వాళ్లు మళ్లీ నడిచి వచ్చేయడం విలేకరిగా ఎన్నోసార్లు చూశాను. మేం దాన్ని వార్తగా రాయడం కూడా మానేశాం. ఈసారి మాత్రం పద్ధతి మార్చారు. నదికి ఇవతలే, కడియం వెళ్లే దారిలో ఒక కల్యాణమండపం తీసుకుని, గేటు దగ్గర కాపలా పెట్టారు. మర్నాడు ఆ ఏర్పాట్ల మీద రాయమంటే వెళ్లాను.

“ఫ్యాన్లు, రెండు పూటలా భోజనం, ఆదివారం గుడ్డు కూడానండి,” అన్నాడు అక్కడి అధికారి.

అన్నీ నిజమే. ఆమె మండపం గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గ్రౌండు పక్కన తను పడుకునే చోట రోజూ నీళ్లు చల్లి, చిన్న ముగ్గు వేసుకునే మనిషి కాబట్టి నాకు బాగా గుర్తు. మీ ఆయన వచ్చాడని చెప్పాను. గబుక్కున లేచింది.

“ఎక్కడున్నాడండి?”

కొవ్వూరు వెళ్లాడని చెప్పాను.

“నేను నెత్తీ నోరూ బాదుకున్నానండి, ఎక్కనని. చెరువుల్లో రొయ్యలు పట్టడమైపోగానే తిన్నగా గోడకాడికే వత్తాడాయన. మాకున్న ఒక్క ఫోనూ నీళ్లల్లో పడిపోయింది. ఆ గోడే కదండీ మా అడ్రసు!”

అధికారి నన్ను పక్కకు పిలిచాడు. “ఫైనల్ ఎల్లుండేనండి. ఒక్కర్ని వదిలితే అందరూ అడుగుతారు. ఈ రెండ్రోజులూ ఆగమనండి.”

ఆమెకు వినపడింది. “ఎల్లుండిదాకా ఆయన కొవ్వూర్లో ఏం చేత్తాడండి, గోదాట్లో నీళ్లు లెక్కెడతాడా?” అంది.

కాపలా మనిషి నవ్వాడు గానీ గేటు తీయలేదు.

పోటీలు అయిపోయిన మర్నాడు పొద్దున్నే అందరినీ పంపేశారు. ఆమె ఊళ్లోకి రాకుండా నేరుగా కొవ్వూరు వెళ్లింది. స్టేషన్లో, బస్టాండులో, రేవుల దగ్గర అడిగింది. గోనెసంచి మనిషి ఒకడు రెండు రాత్రులు ప్లాట్‌ఫారం చివర పడుకున్నాడని, ఆ తర్వాత కనపడలేదని స్టేషన్ ముందు ఇడ్లీలమ్మే ఆవిడ చెప్పిందట.

గ్రౌండు గోడ వెంట ఇప్పుడు ఇనుప కంచె కట్టి, లోపల పూలమొక్కలు పెట్టారు. బాగానే పెరుగుతున్నాయి. ఆమె రోడ్డుకు ఇవతల, మూసేసిన జిరాక్సు షాపు మెట్ల మీద ఉంటోంది. చెరువులకు మనుషుల్ని తీసుకెళ్లే మేస్త్రీ ఊరేదో ఆమెకు తెలియదు. భీమవరంలో పనిచేసే మా పత్రిక మిత్రుణ్ని వాకబు చేయమన్నాను. అతను కొన్ని చెరువుల మీద అడిగించాడు. ఆమె భర్త మళ్లీ ఆ పనికే వెళ్లాడో, ఇంకా ఆమెను వెతుకుతూ ఏ ఊళ్లో ఉన్నాడో ఇంతవరకూ తెలియలేదు.