తాడేపల్లిగూడెం దాటని బెంగళూరు ప్రయాణం

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. రైల్లో ఆడవాళ్ళ పెట్టె మొత్తం లేచి నిలబడి, నా మెడలో చామంతి దండ వేసి, నన్ను బెంగళూరుకి సాగనంపిన రోజున, నేను బెంగళూరు వెళ్ళడం లేదని నాకు ముందే తెలుసు. దండ మెడలో పడేటప్పుడు తెలుసు. పులిహోర తినేటప్పుడు తెలుసు. నా ప్రయాణం క్షేమంగా సాగాలని మేరీ సుశీల గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా తెలుసు. అన్నీ తెలిసి, ఊరేగింపుకి తెచ్చిన గుర్రంలా తల వంచుకుని నిలబడ్డాను.

ఇంత ఘోరం ఎలా చేశావని మీరు అడగొచ్చు. నా సంగతి కొంచెం చెబితే మీకే అర్థమవుతుంది. ఆటో మా ఇల్లు దాటిపోతున్నా "ఆపండి" అనలేక, పక్క వీధిలో ఎవరో దిగేటప్పుడు వాళ్ళతోపాటు దిగి, వెనక్కి నడిచొచ్చే రకం నేను. హోటల్లో ఇడ్లీ అడిగితే ఉప్మా తెచ్చిపెట్టినా "థాంక్సండి" అని తినేస్తాను. ఉప్మా అంటే నాకు పడదు.

ఇలాంటివాళ్ళకి బయట నోరు లేకపోయినా లోపల చాలా ఉంటుంది. నాకైతే అదంతా డైరీల్లోకి పోతుంది. అలమరలో పుస్తకాల వెనక దాచిన ఆ డైరీల్లో సగానికి పైగా ఒకటే గోల: ఈ ఏలూరుకి ఇంత పేరెందుకు? మా బంధువుల్లో ఎవరిని కదిలించినా ఏలూరంటే ఇంద్రలోకమే. ఏలూరు తివాచీలంటారు. మా ఇంట్లో ఉన్నది ప్లాస్టిక్ చాప. కాలువ అందం అంటారు. మా వీధి చివర ఆ అందం పక్కనుంచి ముక్కు మూసుకోకుండా నడిచిన మనిషిని నేను చూడలేదు. మా దోమలు కుట్టే ముందు ఇంటిపేరు కనుక్కుని, తాతల కాలం నుంచీ తెలిసినవాళ్ళలా కుడతాయి. ఇక జనం సంగతి. వన్ టౌన్ వాళ్ళు కూతుర్ని టూ టౌన్‌లో ఇవ్వాల్సి వస్తే, "మరీ అంత దూరమా అండీ" అంటారు. మధ్యలో ఉన్నది కాలువ. వాళ్ళకది హిందూ మహాసముద్రం.

ఇక్కడినుంచి పోవాలి. బెంగళూరు పోవాలి. అక్కడ చల్లటి సాయంత్రాలు, నన్నెవరూ గుర్తుపట్టని వీధులు, పొద్దుపోయేదాకా తెరిచి ఉండే పుస్తకాల షాపులు. ఇదీ నా కల.

కలకీ నాకూ మధ్య ఉల్లిపాయలు ఉండేవి. రోజూ పాసింజర్ బండెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడ ఉల్లిపాయల టోకు కొట్లో కంప్యూటర్ ముందు కూర్చోవడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా జడ తాలింపులో వెయ్యడానికి సిద్ధంగా ఉన్నట్టు వాసనొచ్చేది.

అలాంటి రోజుల్లో బెంగళూరు కంపెనీ ఒకటి నా కంటబడింది. చేపల చెరువుల రైతులకి ఫోన్లో సలహాలు పంపే కంపెనీ. ఆ సలహాలు మంచి తెలుగులో రాసేవాళ్ళు కావాలట. దరఖాస్తు పెట్టాను. ఫోన్లో ముఖాముఖి అన్నారు. నేను గదిలో తలుపేసుకుని, దువ్విన తలనే మళ్ళీ దువ్వుకుని కూర్చున్నాను. అవతల మేనేజరు గారు తెలుగాయనే. ఏనాడో బెంగళూరులో స్థిరపడ్డారట.

"ఊరు వదిలి రావడానికి ఇబ్బందేం లేదు కదా?" అన్నారు.

"లేదండి," అన్నాను. ఆ మాట కోసం ఇరవయ్యేళ్ళకి పైగా ఎదురుచూస్తున్నానని చెప్పలేదు.

"అవున్లెండి. ఏలూరులో ఏముంది, దోమలు తప్ప! కొల్లేరు కూడా ఉత్త బురదగుంట అయిపోయిందంటగా ఇప్పుడు?"

అక్షరం పొల్లు పోకుండా నా డైరీలో మాటే ఇది. "మరేనండి" అంటే సరిపోయేది. కానీ నాలో ఏం జరిగిందో నాకిప్పటికీ తెలీదు. పాలు పొంగినట్టు ఏదో పొంగింది.

"అలా అనకండి," అన్నాను. నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. "మీరు కొల్లేరు ఎప్పుడు చూశారండి?"

"చిన్నప్పుడు ఒకసారి..."

"వానాకాలం వెళ్ళాక చూడాలండి. గూడబాతులు వచ్చి చెట్ల మీద కూర్చుంటే కొమ్మలు కనిపించవు. దోమలు మాత్రం మీ బెంగళూరులో లేవా అండీ?"

ఇంక ఆగలేదు. బొచ్చె చేప పులుసుకీ శీలావతి చేప పులుసుకీ తేడా చెప్పాను. చెరువు మీద తెల్లారగట్ల గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిస్తే రైతు గుండె ఎలా జారుతుందో చెప్పాను. ఇదంతా కైకలూరు దగ్గర చెరువులు చేసే మా పెదనాన్న నోట విన్న పరిజ్ఞానం. ఏలూరు కాలువ గురించి కూడా ఏదో గొప్పగా చెప్పినట్టున్నాను. దేవుడు క్షమించాలి. చివరికి ఫోన్ పెట్టేసి, వెళ్ళాల్సిన ఊరి తలుపు నేనే మూసేసుకున్నానని కాసేపు మంచం మీద బోర్లా పడుకున్నాను.

చిత్రం, ఉద్యోగం వచ్చింది! "మిమ్మల్ని తీసుకుంటున్నాం. వచ్చే నెల మొదటి సోమవారం చేరాలి. మిగతా వివరాలు తర్వాత," అని మెయిల్. అమ్మకి చెప్పాను. అమ్మ సత్యవతి గారికి చెప్పింది. ఇంక ప్రపంచానికి వేరే చెప్పనక్కర్లేదు.

సత్యవతి గారు తాడేపల్లిగూడెంలో హెడ్‌మిస్ట్రెస్. రైల్లో మా ఆడవాళ్ళ పెట్టెకి కూడా ఆవిడే. ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరి కోడలిది తప్పో ఆవిడే తేలుస్తారు. పక్కన మేరీ సుశీల గారు, గూడెంలో నర్సు. సాయంత్రం బండెక్కగానే అందరూ సంచుల్లోంచి కూరగాయలు తీస్తారు. గూడెంలో బెండకాయలుగా ఎక్కినవి ఏలూరులో ముక్కలుగా దిగుతాయి. నా మౌనం వాళ్ళకి అలవాటే. నేను పుస్తకం తెరిస్తే, దాని మీద ఒక వంకాయ పెట్టి "చదువుతూ తరుగు తల్లీ" అనేవాళ్ళు.

ఉల్లిపాయల కొట్లో నా ఆఖరి రోజు మధ్యాహ్నం, అన్నం డబ్బా మూత తీస్తుంటే మెయిల్ వచ్చింది. సారాంశం ఇది: మీ ప్రాంతం మీద మీకున్న అభిమానం, పరిజ్ఞానం మమ్మల్ని ఎంతో ఆకట్టుకున్నాయి. ఇలాంటి మనిషిని బెంగళూరులో కూర్చోబెట్టడం భావ్యం కాదు. అందుకని తాడేపల్లిగూడెంలో కొత్తగా తెరుస్తున్న మా ఆఫీసు మీకే అప్పగిస్తున్నాం. అభినందనలు.

ఆఫీసు ఎక్కడో చూశాను. మా ఉల్లిపాయల కొట్టుకి రెండు వీధుల అవతల.

డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను. సాయంత్రం రైల్లో అందరికీ చెప్పేద్దాం అనుకుంటూ స్టేషన్‌కి వెళ్ళాను. పెట్టెలో అడుగుపెట్టానో లేదో దండ పడింది.

"సత్యవతి గారూ, ఒక్క మాటండి..."

"అన్నీ తర్వాతమ్మా. ముందు బొట్టు పెట్టనీ. అటు తిరుగు."

"అది కాదండి, బెంగళూరు..."

"తెలుసు తల్లీ, చలి! అందుకే ఇది కొన్నా." కోతిటోపీ. ఉన్ని కోతిటోపీ. బయట ఎండకి కిటికీ ఊచలు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఆవిడ అది నా తలకి తొడిగి, గడ్డం కింద గుండీ పెట్టి, "చూడండీ, ఎంత ముద్దుగా ఉందో!" అని నన్ను పెట్టె నాలుగు వైపులా తిప్పి చూపించారు.

టోపీలోంచే మేరీ గారిని పిలిచాను. "మేరీ గారూ, నేను వెళ్ళడం..."

"వెళ్ళాలమ్మా, వెళ్ళాలి. మేమంటే ఇక్కడే ఉండిపోయాం. నువ్వైనా వెళ్ళు." ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ రొయ్యల పచ్చడి సీసా నా చేతిలో పెట్టారు. దాని వెనక ఆవకాయ వచ్చింది. మాగాయ వచ్చింది. గోంగూర రెండు రకాలుగా వచ్చింది. కందిపొడి, కరివేపాకు పొడి, ఎవరిదో తెలియని నిమ్మకాయ. బెంగళూరులో కరువొచ్చిందని మా పెట్టెకి ఎవరో వర్తమానం పంపినట్టుంది.

"ఇప్పుడు హారిక రెండు ముక్కలు మాట్లాడుతుంది!" అన్నారు సత్యవతి గారు.

అదే అవకాశం. చెప్పేద్దాం అని నోరు తెరిచాను. అన్ని మొహాలు ఒక్కసారి నా వైపు తిరిగాయి. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి: "నేను... ఏలూరుని ఎప్పటికీ మర్చిపోనండి."

పెట్టెలో సగం మంది ఏడ్చారు. దెందులూరులో దిగాల్సినావిడ దిగడం మర్చిపోయి ఏలూరు దాకా వచ్చేసింది.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. మెయిల్ అప్పుడే వచ్చిందని చెప్పాను. అమ్మ నన్నూ, వరసగా నిలబడ్డ సీసాల్నీ చాలాసేపు చూసింది.

"ఇప్పుడు వాళ్ళకేం చెప్తావే?"

"చెప్తానమ్మా."

"ఎప్పుడు?"

"నెమ్మదిగా."

నేను చెప్పేదాకా సత్యవతి గారికి చెప్పనని అమ్మ దగ్గర మాట తీసుకున్నాను. నెమ్మది అంటే ఎంత నెమ్మదో అప్పటికి నాకూ తెలీదు. కొత్త ఉద్యోగానికి కొన్నాళ్ళు బస్సులో వెళ్ళాను. గుండుగొలను దగ్గర బస్సు ఆగితే, ఎక్కేవాళ్ళలో తెలిసిన మొహం ఉంటుందేమోనని సీటు కిందికి వంగి చెప్పు సర్దుకునేదాన్ని. ఆ చెప్పుకి అంత సేవ ఎవరూ చేసి ఉండరు. సత్యవతి గారు ఫోన్ చేసి "చలెలా ఉందమ్మా?" అంటే, ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ "బానే ఉందండి" అనేదాన్ని. పోనీ ఇది అబద్ధం కాదు. చలి ఎక్కడున్నా బానే ఉంటుంది.

బస్సులో నడుం విరిగిపోయి చివరికి మళ్ళీ రైలెక్కాను. ఆడవాళ్ళ పెట్టె ఇంజను వైపు ఉంటుంది కాబట్టి నేను ఆ చివరి పెట్టె ఎక్కేదాన్ని. స్కూటీల మీద వెళ్ళే అమ్మాయిల్లా చున్నీ మొహానికి చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి, కిటికీ పక్కన కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం బండి కదులుతుండగా మేరీ గారు రొప్పుకుంటూ ఆ చివరి పెట్టెలోనే ఎక్కారు. ముందుదాకా పరిగెత్తలేకపోయారు పాపం. నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"ఏవండీ, కొంచెం జరుగుతారా?"

జరిగాను. కిటికీలోంచి దూకే వీలుందా అని చూశాను. ఊచలున్నాయి. ఆవిడ కూర్చుని, ఊపిరి తీసుకుని, సంచిలోంచి చిక్కుడుకాయలు తీశారు. కాసేపు వలిచి, నా ఖాళీ చేతులు చూశారు. మా లైన్లో ఖాళీ చేతులు చూస్తే ఎవరికీ తోచదు.

"ఏమనుకోకండేం, ఇవి కాస్త ఈనెలు తీసిపెడతారా?" అని గుప్పెడు నా ఒళ్ళో పోశారు.

తల ఊపి పని మొదలుపెట్టాను. పూళ్ళ దాటింది. భీమడోలు వచ్చింది. పక్కనుంచి వలిచే చప్పుడు ఆగిపోయింది. చూస్తే ఆవిడ నా ఒడి వైపే చూస్తున్నారు. నేనూ చూసుకున్నాను. చిక్కుడుకాయలన్నీ నా ఒళ్ళో పొడుగు వారీగా, అలమరలో పుస్తకాల్లా, వరసగా పేర్చి ఉన్నాయి. నాకు ముందు పేర్చుకుంటే గానీ ఈనె తీయబుద్ధి కాదు. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలీదు.

మేరీ గారు నా చున్నీ కొస పట్టుకుని, గాయం మీద కట్టు విప్పినంత జాగ్రత్తగా కిందికి లాగారు.

"బెంగళూరు ఎప్పుడొచ్చిందే భీమడోలుకి?"

ఏలూరులో దిగాక ప్లాట్‌ఫారం మీదే విచారణ జరిగింది. సత్యవతి గారు అధ్యక్షత. కూరగాయల సంచులతో జనం చుట్టూ చేరారు. ఇంటర్వ్యూ దగ్గర్నుంచి అంతా చెప్పాను, మెయిల్ ఏ పూట వచ్చిందన్నది తప్ప. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

"ఇంతకీ ఆ మేనేజరు కొల్లేటిని ఏమన్నాడూ?" అన్నారు సత్యవతి గారు చివరికి.

"బురదగుంట అన్నారండి."

"బురదగుంటా?" ఆవిడ మొహం ఎర్రబడింది. "నువ్వేమన్నావ్?"

"అలా అనకండి అన్నానండి."

"అంతేనా? ఇంకో నాలుగు పెట్టలేకపోయావా?" అని, చుట్టూ ఉన్నవాళ్ళకేసి తిరిగి, "చూశారా, మన కోసం బెంగళూరు వదులుకుందీ పిల్ల!" అన్నారు. దండ లేదు గానీ, ఉంటే అక్కడే ఇంకోసారి వేసేవారు.

ఈసారి కూడా నేను నోరు తెరిచి, అలా కాదండి అని చెప్పలేకపోయాను.

ఆ కొత్త ఉద్యోగంలోనే ఉన్నాను. చెరువు గట్ల మీద ఫోన్లు మోగి, నేను రాసిన తెలుగు వినిపిస్తోందని పెదనాన్న చెబితే గర్వంగానే ఉంటుంది. మరి ఏలూరుకి ఉన్నదానికంటే ఎక్కువ పేరుందా అంటే, ఉంది. ఆ మాట నేను రాసుకోవచ్చు. బయటివాళ్ళు అనకూడదు, అంతే. వెళ్ళాలన్న కోరికా పోలేదు. నిన్న ఆ మేనేజరు గారే ఫోన్ చేసి, గూడెం ఆఫీసు బాగా నడుస్తోంది కాబట్టి వచ్చే ఏడు నన్ను బెంగళూరు రమ్మన్నారు. మా ఊరి గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. వస్తానండి అని మాత్రం చెప్పాను.

కాబట్టి కొల్లేటి నీళ్ళని సముద్రానికి మోసే ఉప్పుటేరు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా మెడ వైపు ఎవరి చేతిలోనైనా పూలదండ కదిలితే, అది నన్ను తాకకముందే ఉన్న సంగతి గట్టిగా, స్పష్టంగా, ప్లాట్‌ఫారం అంతా వినపడేలా చెప్పేస్తాను. కోతిటోపీ పెట్టనివ్వను. రెండు ముక్కలు మాట్లాడను.

ఈ ప్రమాణం కాగితం మీద పెట్టకముందే, నిన్న సాయంత్రం రైలెక్కీ ఎక్కగానే, ఇంకా కూర్చోకుండానే, బెంగళూరు సంగతి అందరికీ చెప్పేశాను. పెట్టెలో చాకులన్నీ ఒక్క క్షణం ఆగాయి. సత్యవతి గారు బీరకాయ పక్కనపెట్టి, కళ్ళజోడు తీసి, నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"వెళ్ళు తల్లీ, సంతోషంగా వెళ్ళు. కానీ ఈసారి సాగనంపడం మాత్రం నువ్వు అక్కడికి చేరి ఫోన్ చేశాకే!"