మేడమీద చిన్న పళ్లేలు

మా వారు ఓడల్లో వంటవాడు. ఒకసారి వాళ్ల ఓడ మరమ్మతుకని జపాన్‌లో ఏదో రేవు ఊళ్లో నెలల తరబడి ఆగిపోయింది. ఊరికే కూర్చోలేని మనిషి కదా, సాయంత్రాలు అక్కడి చిన్న బారు ఒకదానిలో గిన్నెలు తోమి, కూరలు తరిగి, చివరికి వంట కూడా నేర్చుకున్నారు. అలాంటి బారుని అక్కడ ఇజకాయ అంటారట. బీరకాయ, సొరకాయ విన్నాం గానీ ఇదేం కాయ అని నేను నవ్వితే ఆయనకి కోపం వచ్చింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఈయన ఇక సముద్రం మీద నిలవరని.

అలాగే అయింది. ఉద్యోగం మానేసి, విశాఖపట్నంలో సొంతవాళ్లందరినీ వదిలేసి, ఫిలింనగర్‌లో కొట్టు పెడదామన్నారు. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని హైదరాబాదు వస్తున్న రోజులవి. కొత్త రుచి వాళ్లకే తెలుస్తుందని ఆయన నమ్మకం. పెరుగన్నంలో కూడా ఆవకాయ కోసం వెతికే జనం మీద అంత నమ్మకం ఎందుకు కలిగిందో నాకు ఇప్పటికీ తెలీదు.

షేక్‌పేట వైపు దిగే రోడ్డులో ఒక మేడ మీద గది దొరికింది. కింద, ఆ గది మాకు అద్దెకిచ్చిన ఇంటాయన బ్రాందీ షాపు. తాగేవాళ్లు సీసా కింద కొనుక్కుని పైకొచ్చి కూర్చునేవారు, తినడానికి మేం పెట్టేవాళ్లం. గదికీ వంటింటికీ మధ్య సగం వరకే వేలాడే నీలం గుడ్డ. ఆ గుడ్డకి ఇవతల నేను.

మొదటి రోజు ఇంటాయన పైకొచ్చి మా పళ్లేలు చూసి పడిపడి నవ్వాడు.

"గిదేంది చెల్లె, పోరగాళ్ల ఆటసామాను లెక్కున్నయి! గింతంత పెడితే ఎవ్వని కడుపు నిండుతది?"

"కడుపు నింపడానికి కాదన్నా. కొంచెం తింటూ కబుర్లు చెప్పుకోడానికి," అన్నారు మా వారు.

కూర్చున్నవాళ్లకి అడక్కుండానే ముందు ఒక చిన్న గిన్నె పెట్టాలి. అది అక్కడి పద్ధతి. పుల్లటి సిర్కాలో ఊరిన దోసకాయ ముక్కలో, అల్లంతో ఉడికిన చేప ముక్కో. మనవాళ్లు మొదట అది బిల్లులో వేస్తారేమోనని భయపడి పక్కకి నెట్టేసేవారు. తరవాత అలవాటుపడ్డారు. అన్నిటికన్నా ఆయనకి ప్రాణం వంకాయ. నిలువునా రెండు బద్దలు చేసి, బొగ్గుల మీద కాల్చి, సోయాగింజల ముద్ద పట్టించి మళ్లీ కాల్చేవారు. ఆ ముద్ద డబ్బాలు ఓడలో పనిచేసే స్నేహితుడు తెచ్చిపెట్టేవాడు. వంకాయ కమిలితే పారేసి ఇంకొకటి మొదలుపెట్టేవారు. ఎవరు చూడొచ్చారండీ అంటే, నాలిక చూస్తుందనేవారు.

గది నిండేది. ఎడిటర్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, మేకప్ వాళ్లు. వాళ్లలో ఒక ఎడిటర్ గారు రోజూ వచ్చేవారు. మూలన సీసాతో కూర్చుని, "గురూ, నీ చేతికి బంగారు కడియం తొడగాలి," అంటూ వంకాయ తినేవారు. మా వారు ఆ మాట ఇంటికొచ్చి నాకు రెండోసారి చెప్పేవారు, నేను గుడ్డ ఇవతలే ఉండి విన్నానని తెలిసీ. తాగడానికి ఊరంతా చోట్లున్నాయి, వీళ్లు నా వంట కోసమే మెట్లెక్కుతున్నారు అనేవారు. సముద్రం వదిలి వచ్చినందుకు ఆయన దగ్గరున్న సమాధానం అదొక్కటే.

అంతలో మద్యనిషేధం వచ్చింది. కింద షాపు మూతపడింది.

ఇంటాయన మంచివాడే. పైకొచ్చి చెప్పాడు. "జర నా మాటిను తమ్మీ. మందు లేంది గీ మెట్లు ఎవ్వడెక్కుతడు? ఇడ్లీ, దోశ పెట్టుకో."

"వంటకి వచ్చేవాళ్లు వస్తారన్నా," అన్నారు మా వారు.

ఇంటాయన మాటే నిజమని నాకు తెలుసు, అందుకే ఇంటాయన మీదే ఒళ్లు మండింది. మా వారు రోజూ సాయంత్రం బొగ్గులు రాజేసి, చిన్న గిన్నెలన్నీ సిద్ధం చేసి కూర్చునేవారు. అప్పుడొకడు, ఇప్పుడొకడు తల లోపలికి పెట్టి, లోపలేమైనా దాచావా గురూ అని అడిగి, లేదంటే వెళ్లిపోయేవాడు. చెప్పులు కూడా విప్పేవాడు కాదు. మిగిలినవన్నీ మేమిద్దరం తినేవాళ్లం. నాకు వంకాయంటే మొహం మొత్తింది, కానీ ఆయన చూస్తుంటే బాగుందనే తినేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఎడిటర్ గారు భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చారు. మా వారి మొహం చూడాలి! నావైపు తిరిగి, చెప్పానా లేదా అన్నట్టు కనుబొమ్మలెగరేశారు. ఉన్నవన్నీ వండారు. వంకాయ తనే పట్టుకెళ్లి పెట్టారు.

ఎడిటర్ గారు ఒక ముక్క నోట్లో వేసుకుని ఆగిపోయారు. మళ్లీ ఇంకో ముక్క తీసుకున్నారు.

"గురూ, ఇదేంటి, ఇంత బాగుంది! ఎప్పుడు మొదలెట్టావ్? ఇన్నాళ్లూ నాకు ఒక్కసారైనా పెట్టలేదేం?"

ఎకసెక్కం కాదు. నిజంగానే అడిగారు. గుడ్డ ఇవతల నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఈ మధ్యేనండీ," అన్నారు మా వారు. "అమ్మాయికి ఇంకోటి వెయ్యమంటారా?"

వాళ్లు కడుపారా తిని, మెచ్చుకుని వెళ్లారు. నేను పట్టలేకపోయాను. "రోజూ తిన్నది అదేనని చెప్పొచ్చు కదండీ! నోరు లేదా మీకు?"

"పిల్ల పక్కనుందే," అన్నారు. "మీ నాన్నకి ఇన్నాళ్లూ ఏం తిన్నాడో కూడా తెలీదమ్మా అని దాని ముందు ఎలా చెప్పను?"

మిగిలిన వంకాయలు ఇంటాయన వాళ్లకి ఇచ్చి రమ్మన్నారు. సాయంత్రానికి కావాలి కదా అన్నాను. ఆయన బుట్ట తీసి నా చేతికిచ్చారు. నేను ఇచ్చి వచ్చేసరికి బొగ్గుల మీద నీళ్లు పోసి, గదంతా నిండిన పొగలో, ఎడిటర్ గారు కూర్చునే మూలన కూర్చుని ఏడుస్తున్నారు.