ఎగిరే మనుషులకు తీగ ఉందా, లేదా

ఆ సినిమా కథ ఏమిటని ఎవరైనా ఇప్పుడు అడిగితే నేను చెప్పలేను. అప్పుడూ చెప్పలేకపోయాను. చైనా వాళ్ల సినిమా, ఒక్క ముక్క అర్థం కాని భాష. ఆదోనికి వచ్చేసరికి ఆ రీళ్లు ఎన్ని ఊళ్లు తిరిగాయో, ఎన్ని చోట్ల తెగాయో గానీ, చచ్చిన మనిషి రెండు సీన్ల తర్వాత లేచి వచ్చి మళ్లీ కొట్లాడేవాడు. కానీ అందులో మనుషులు ఎగిరేవాళ్లు. ఆ ఎగరడం గురించి ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి నెల రోజులు వాదించుకుంది. ఆ వాదనలో గెలవాలని నేను పడిన ఆరాటం వల్లే మా నాయన చేతిలోంచి సన్న చీరల పని జారిపోయింది. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేను.

అసలు కుదురుగా కూర్చోవడం నాకు ముందునుంచీ చేతకాదు. ఎనభైల మొదట్లో, నాకు ఇరవై ఒకటో ఇరవై రెండో. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని గంటసేపు ఉంటే తొడలు జివ్వుమనేవి. నీళ్లు తాగాలని లేచేవాణ్ణి, సైకిల్ చక్రంలో గాలి చూడాలని లేచేవాణ్ణి, ఏమీ లేకపోతే ఆదోని బస్సు వచ్చిందో లేదో చూసి రావాలని లేచేవాణ్ణి. "నీ కింద ఏమన్నా నిప్పులు పోసినార్రా?" అని మా అమ్మ కసిరేది. నాకు ఇచ్చింది తువ్వాళ్ల మగ్గం. ముతక నూలు. తప్పు పడినా ఎవరూ పట్టించుకోని పని. దాన్ని కూడా వదిలేసి ఏ లారీ అయినా ఎక్కి పోవాలని ఉండేది. యాడికి అంటే చెప్పలేను.

నాయన దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొద్దున గుంతలో దిగితే అన్నానికే లేవడం. మా వీధిలో నలభై మగ్గాలుంటే, మాకు నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు సన్న నూలు ఇచ్చింది మూడిళ్లకే. అందులో మాది ఒకటి. ఆ నూలు వెంట్రుక కంటే సన్నం. వేల పోగుల పడుగులో ఒక్క పోగు తెగితే, నాయన గడప దగ్గర నిలబడి ఫలానా చోట అని చెప్పేవాడు. ఎవరింట్లోనైనా పడుగు చిక్కుపడి దారి దొరక్కపోతే ఆయన్నే పిలిచేవాళ్లు. పోగు ఉందా లేదా అన్న విషయంలో ఆయన ఒక మాటంటే దానికి అప్పీలు లేదు. మా ఇంటి గౌరవమంతా ఆ కంటిమీదే నిలబడి ఉండేది, సన్న నూలు కూడా.

సినిమా సంగతికొస్తాను. మా పక్కింట్లో ఒకాయన ఉండేవాడు, ఆయనా నేతగాడే, వరసకు నాకు మామ అవుతాడు. నేసేదానికంటే మాట్లాడేది ఎక్కువ. నూలు పని మీద ఆదోనికి పోయి ఆ సినిమా మొదట చూసి వచ్చింది ఆయనే. అరుగు మీద కూర్చుని చేతులు రెండూ రెక్కల్లా చాపి చెప్పాడు. "నీళ్ల మింద పరిగెత్తుతాండారప్పా! వెదురు కొసన ఒక్క కాలి మింద నిలబడి కత్తి తిప్పుతాండారు! మన సినిమాల్లో దేవుడు చెయ్యెత్తుకొని మేఘం మింద నిలబడి పోతాడు, అంతే కదా. ఈళ్లు తన్నులాడుకుంటా పోతాండారు!"

అంతే, వీధి వీధంతా విడతలు విడతలుగా ఆదోని బస్సెక్కింది. చూసి వచ్చినవాళ్లకు తలకో అభిప్రాయం. చిన్నప్పట్నుంచీ వాళ్ల కాళ్లకు ఇసుక మూటలు కట్టి తిప్పుతారని, పెద్దయ్యాక ఆ మూటలు విప్పేస్తే ఒళ్లు తేలిపోతుందని మామ సిద్ధాంతం. ఆదోనిలో మాకు నూలు అద్దకం వేసే ముసలి సాయిబు ఉండేవాడు, మేం చాచా అనేవాళ్లం. ఆయన మూడుసార్లు చూశాడు. ఉస్తాదు దువా, అంటే గురువు దీవెన, ఉన్నవాణ్ణి గాలే మోస్తుందని, కుస్తీ పట్టిన రోజుల్లో తనకూ ఒకసారి కాళ్లు నేలకు ఆనలేదని ఒట్టేసి చెప్పాడు. పత్తి మిల్లులో బోరాలు మోసే ఒకతను బస్సులో నా పక్కనే కూర్చుని ఆవేదనపడ్డాడు. "ఇరవై ఏండ్లనుంచి బోరాలు మోస్తాండానన్నా, నన్ను ఒక్క దినమన్నా ఏ గాలీ మోయల్యా." మామ పెళ్లానికి ఆ ఎగరడం కంటికి ఆననే లేదు. "అంత సేపు దుమ్ములో పొర్లాడి కొట్లాడినారు కదా, ఆ తెల్లబట్ట మాయకుండా ఎట్లుండాదో అది సెప్పండి ముందు," అనేది.

నేనూ చూశాను. తీగ చూశాను.

తెల్లగడ్డం గురువు బావి గట్టు మీంచి ఇంటి కప్పు మీదికి లేస్తాడు. వెనక లాంతరు వెలుగుతుంటుంది. ఆయన ఆ వెలుగుకు అడ్డం వచ్చినప్పుడు నడుముకు అటొకటీ ఇటొకటీ, రెండు సన్నటి గీతలు నిలువునా పైకి పోయాయి. కన్ను మూసి తెరిచేంతసేపు. మగ్గాలింట్లో పుట్టినవాడి కంటికి పోగు పోగులాగే కనపడుతుంది. నేను సీట్లోంచి లేచి నిలబడి "తీగ! తీగ!" అని అరిచాను. వెనక వాళ్లు తిట్టి కూర్చోబెట్టారు.

వీధిలో చెబితే ఒక్కడూ నమ్మలేదు. "నీ కంట్లో నలక పడిండాది," అన్నాడు మామ. "తువ్వాళ్లలో పోగు కనపడనోనికి సినిమాలో కనపడిందంట!" అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. బావి దగ్గర, టీ కొట్టు దగ్గర, కనపడిన ప్రతివాడితోనూ అదే గొడవ. అన్నం తింటూ కూడా లేచిపోయి మామ అరుగు దగ్గర నిలబడి వాదించేవాణ్ణి. ఇప్పుడు చూస్తే ఏముంది అందులో? తీగ ఉంటే ఉంది, లేకపోతే లేదు. కానీ ఆ వయసులో నా మాట ఒక్కటన్నా ఆ వీధిలో నిలబడాలని కాలు కాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి.

చివరికి మామే తీర్పు చెప్పాడు. "పోగు సంగతి కదరా? మీ నాయన సూసి సెప్పనీ. ఆయన ఉందంటే ఉంది, లేదంటే లేదు." వీధంతా సరేనంది. నాకు పట్టలేని సంతోషం. నాయన కన్ను చూస్తే ఇక అనుమానమేముంది?

నాయన మాత్రం "నాకెందుకప్పా సినిమాలు," అన్నాడు. అమ్మ అయితే అడ్డంగా నిలబడింది. ఎండన పడితే ఆయనకు తలనొప్పి వస్తుంది, వద్దంది. నేను వదల్లేదు. రోజూ మగ్గం పక్కన నిలబడి ప్రాణం తీశాను. అమావాస్యనాడు మా వీధిలో ఎవరూ మగ్గం ఎక్కరు, పని లేదన్న సాకు చూపి ఆ రోజు మాట్నీకి బయల్దేరదీశాం. నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు.

హాల్లో నన్ను ఆయన పక్కన కూర్చోనియ్యలేదు. నేను చెవిలో ఊదుతానని మామ నన్ను రెండు వరసలు వెనక్కి తోశాడు. నేను తెర చూడలేదు, నాయన తలకాయ వెనక భాగమే చూస్తూ కూర్చున్నాను. బావి గట్టు సీను వచ్చింది. గురువు పైకి లేచాడు. ముందున్న తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. నాయన తల లేవలేదు. ఈలలు మోగాక, అందరికంటే వెనక, నెమ్మదిగా లేచింది. కునుకు తీస్తున్నాడేమో అనుకుని నాకు చచ్చేంత కోపం వచ్చింది.

బయటికి వచ్చాక సోడా బండి దగ్గర అందరూ ఆయన చుట్టూ మూగారు. నాయన పంచె అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

"లేదప్పా," అన్నాడు. "పోగు లేదు."

మామ గంతులేశాడు. బస్సులో ఎమ్మిగనూరు దాకా నన్ను ఏడిపించారు. కండక్టర్ కూడా వాళ్లతో కలిశాడు. చీకటి పడకముందే వీధికి తెలిసిపోయింది, మర్నాటికి ఆడవాళ్లు కూడా నన్ను చూసి నవ్వుతున్నారు. ఆ మర్నాడే షావుకారు చీరలు తీసుకోవడానికి మా వీధికి వచ్చాడు. మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే మామ ఆయనకూ కథంతా విప్పాడు. "మీరు సెప్పండి షావుకారు, ఈయప్ప కంటికి దొరకని పోగు ఈని కంటికి దొరుకుతాదా?"

షావుకారు నవ్వాడు. నాయన తల వంచుకుని ఉన్నాడు. నేను ఆగలేకపోయాను.

"ఆయనకు కనపడితే కదా! మొన్న చీరలో నాలుగు పోగులు తెగిండె, ఆయనకు కనపడల్యా. అన్నానికి లేసినప్పుడు మా అమ్మ కూర్చొని ముడేసింది. దినమూ వేస్తాంది!"

ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియదు. అమ్మ మధ్యాహ్నం పూట ఆ మగ్గం దగ్గర కూర్చోవడం ఏడాదిగా చూస్తూనే ఉన్నాను. ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు. హాల్లో లేచిన తలలు, లేవని నాయన తల, అమ్మ అడ్డంగా నిలబడటం, అన్నీ ఒక్కసారే కలిసి నోటికి వచ్చేశాయి. మామ మెల్లగా అరుగు దిగాడు.

షావుకారు చెడ్డవాడు కాదు. మడత చీర ఒకటి తీసి ఎండకు ఎత్తి పట్టుకుని, అంచు నుంచి అంచుకు చూశాడు. మళ్లీ జాగ్రత్తగా మడిచాడు. "నీకు ఈ సన్న పని కష్టమైతాంది కదప్పా," అన్నాడు నాయనతో మెల్లగా. "ఇంగ దుప్పట్ల నూలు పంపిస్తా. సన్న మగ్గం మింద నీ కొడుకును కూర్చోబెట్టు. వాని కన్ను బాగుండాది." నాయన "అట్లే కానీండి," అన్నాడు.

అమ్మ ఆ సాయంత్రం నాతో ఒక్కసారే మాట్లాడింది. ఆదోనిలో కంటి డాక్టరుకు గుట్టుగా చూపించారట. నరం ఎండిపోతోంది, అద్దాలకు లొంగేది కాదు అన్నాడట. "ఇంకొక రెండేండ్లు నెట్టుకొస్తామనుకుంటిమి," అంది. తిట్టి ఉంటే బాగుండేది. పళ్లెంలో అన్నం పెట్టి వెళ్లిపోయింది.

మరుసటి వారం నేను సన్న మగ్గం గుంతలో దిగాను. నా జన్మలో నాకు వద్దనుకున్న చోటు అది. నాయన దుప్పట్ల మగ్గం మీద నేశాడు గానీ ఎక్కువ కాలం కాదు. తర్వాత రాట్నం ముందు కూర్చుని నాకు నూలు కండెలు చుట్టివ్వడం మొదలుపెట్టాడు. దానికి వేళ్లు చాలు, కళ్లు అక్కర్లేదు. ఇద్దరం ఒకే గదిలో, నాలుగడుగుల దూరంలో. నేను పది నిమిషాలకోసారి లేవబోయేవాణ్ణి, ఆయన చేతిలో కండె చూసి మళ్లీ కూర్చునేవాణ్ణి. వాదన గెలిచానని వీధిలో ఎవరూ నాతో అనలేదు, నేనూ అడగలేదు. మామ మా అరుగు ఎక్కడం మానేశాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఆ పొద్దు లేదని ఎందుకన్నావు నాయనా? ఉందంటే నాకూ బాగుండె, నీకూ బాగుండె."

రాట్నం ఆగలేదు. "ఉందంటే ఎన్ని ఉండాయి, యాడ కట్టినారు అని అడుగుతారు కదరా," అన్నాడు. "లేదంటే ఎవురూ ఏమీ అడగరు." కాసేపు దారం వేళ్ల మధ్య పోనిచ్చాడు. "నాకు ఆడ మనిషే కనపడల్యా. తెల్లగా ఏందో ఇట్ల పోయినట్లుండె, అంతే."

నేను పేక దారం తోసే నాడె పక్కన పెట్టాను.

"ఇంతకూ ఎన్నుండెరా?" అని అడిగాడు.

"రెండు నాయనా."

"యాడ కట్టిండ్రి?"

"నడుముకు. ఆ పక్కొకటి, ఈ పక్కొకటి."

ఆయన రాట్నం ఆపి, నేనున్న వైపు ముఖం తిప్పాడు. "బాగ సూసినావు," అన్నాడు.

నెల రోజులు వీధిలో ప్రతివాడి నోటా వినాలని నేను తిరిగింది ఈ మాట కోసమే. ఇన్నాళ్లకు విన్నాను. తల ఎత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.