ఒరెస్ట్ ఇంట్లో చేతులు కలిపే వరుస

ఒరెస్ట్ పోయాడని తెలిసి పేపరువాళ్ళు వాడి పాత ఫొటో ఒకటి వెతికి మరీ వేశారు. ముక్కు నుంచి రక్తం కారుతోంది, ముందు పళ్ళు రెండు లేవు, అయినా నవ్వుతున్నాడు. కింద ‘మన ఊరి ఉక్కు పిడికిలి’ అని రాశారు. చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిడికిలి నా వేలు పట్టుకుని నడక నేర్చుకున్నది. వాడు నా తమ్ముడు, మా అందరికీ ఒరీ.

ఇంట్లో కోళ్ళు కోసే రోజున కొట్టంలోకి పోయి గడ్డి వెనక దాక్కునేవాడు. అలాంటివాణ్ణి మా ఊళ్ళో ఎవరూ కొట్లాటకు పుట్టాడనుకోలేదు. గోధుమ చేను వెనక మడుగు గడ్డకట్టిందంటే చాలు, స్కేట్లు కట్టుకుని చీకటిపడేదాకా ఇంటికి వచ్చేవాడు కాదు. పదహారేళ్ళకే గుమ్మంలో తల వంచి రావలసినంత ఎదిగాడు. ఆ భుజాలు చూసి మంచు మీద ఆడే హాకీకి కోచ్ ఒకాయన, వీడు గోల్స్ కొట్టక్కర్లేదు, మనుషుల్ని కొడితే చాలన్నాడు. జట్టుకు ఒకడుంటాడు అలాంటివాడు. మన మంచి ఆటగాణ్ణి ఎవడైనా ముట్టుకుంటే గ్లవ్స్ మంచు మీద పడేసి వాడి మీదకి పోవాలి. అదే పని, దానికే జీతం. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరు? మావాడు మోశాడు. టీవీలో వాడు గ్లవ్స్ పడేయగానే ఊరంతా కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టేది.

తలకు దెబ్బ తగిలినప్పుడల్లా మందుల పెట్టెతో ఒకాయన బెంచీ దగ్గరికి వచ్చి, “మనం ఏ ఊళ్ళో ఆడుతున్నాం?” అని అడిగేవాడట. సరిగ్గా చెబితే మళ్ళీ ఆటలోకి పంపుతారు. చెప్పలేకపోతే ఇంటికి పంపుతారు, ఆ చోట్లోకి ఇంకొకడు వస్తాడు. అందుకని బెంచీ మీద పక్కన కూర్చునే జట్టువాడు లైల్ ఊరి పేరు మెల్లిగా చెవిలో అందించేవాడు. వాడిదీ మా ఊరే. అలా పేరు అందించిన సంగతి లైల్ ఒకప్పుడు ప్రతి పెళ్ళిలోనూ చెప్పి నవ్వించేవాడు. తరవాత తరవాత చెప్పడం మానేశాడు.

ఆడటం మానేసి ఊరికి వచ్చేశాక ధాన్యం గోదాంలో పని చేశాడు ఒరెస్ట్. మొదట తలనొప్పులు. పట్టపగలు కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునేవాడు. తరవాత మరుపు. పాలసీసా తీసుకెళ్ళి పొయ్యి కింది అరలో పెట్టేవాడు. యాభై దాటాడో లేదో, గోదాం నుంచి ఇంటికి దారి తెలియక పక్క ఊరి పెట్రోలు బంకులో కూర్చుని ఏడ్చాడు. అన్నిటికన్నా సాయంత్రాలు గండం. పొద్దు వాలిందంటే వాడి చెవుల్లో జనం అరుపులు మొదలయ్యేవి. పిడికిళ్ళు బిగించి నడవలో అటూ ఇటూ తిరిగేవాడు. ఎదుటి జట్టులో ఎవడో పంతొమ్మిదో నంబరు చొక్కావాడు వస్తున్నాడనేవాడు. ఒక సాయంత్రం అడ్డం వెళ్ళిన డార్లీన్‌ను, కట్టుకున్న పెళ్ళాన్ని, గోడకేసి కొట్టాడు. ఆమె మణికట్టు విరిగింది.

జిల్లా నర్సు వచ్చి నిక్కచ్చిగా చెప్పేసింది. “ఇంకొక్కసారి ఇలా జరిగిందో, నగరంలో మరుపు జబ్బువాళ్ళ హోమ్‌కి పంపాల్సిందేనమ్మా. తలుపులకి తాళాలు వేసి ఉంచుతారు.”

“తాళం వేస్తే బతకడు వదినా,” అంది డార్లీన్ నాతో, చేతికి కట్టుతో. “అక్కడ కొట్లాటకి మనుషులకేం కొదవ? రోజూ దొరుకుతారు.”

తాళాల గండం తప్పించింది లైలే. అప్పటికి వాడు ఊరి స్టేడియంలో మంచు చూసుకునే పనిలో ఉన్నాడు. అరువు తీసుకున్న నిచ్చెన తిరిగివ్వడానికి ఒక సాయంత్రం వచ్చాడు. నడవలో ఒరెస్ట్ ఎదురుగా పిడికిలి ఎత్తి నిలబడ్డాడు. లైల్ కదల్లేదు. కుడిచేతి తొడుగు తీసి చెయ్యి చాపాడు.

“సిరీస్ అయిపోయిందిరా ఒరీ. మీరే గెలిచారు. ఏదీ, చెయ్యి ఇటియ్యి.”

మా ఆటలో అదొక కట్టుబాటు. సిరీస్ నడిచినన్నాళ్ళూ ఒకళ్ళ పళ్ళొకళ్ళు రాలగొట్టుకుంటారు. ఆఖరి ఆట ముగియగానే రెండు జట్లూ ఎదురెదురు వరుసలు కట్టి, గ్లవ్ తీసి, ఒక్కొక్కరితో చేతులు కలుపుకుంటూ పోతారు. ఆ తరవాత ఎంత రాక్షసుడైనా చెయ్యెత్తడు. ఒరెస్ట్ ఆ చేతికేసి చూశాడు. పిడికిలి విప్పాడు. “బాగా ఆడావ్,” అని చెయ్యి కలిపి, వెళ్ళి పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

మర్నాడు లైల్ ఒక్కడే వస్తే వాడి వెనక్కి తొంగి చూశాడు. “మిగతావాళ్ళేరి? ఒక్కడివే ఆడావా?”

అలా మొదలైంది మా వరుస. రోజూ రాత్రి భోజనానికి ముందు లైల్, నేను, పోస్టాఫీసు జెరాల్డీన్, ఇంకా ఖాళీగా ఉన్న ఇరుగుపొరుగు, అందరం బూట్ల మంచు దులుపుకుని వాడి నడవలో నిలబడేవాళ్ళం. అందరి వెనకా డార్లీన్. జెరాల్డీన్ పరుపులాంటి కోటు వేసుకుని వస్తే ఒరెస్ట్ ఆమెను ఎగాదిగా చూసి, “గోల్ దగ్గర నిలబడింది నువ్వేనా? అందుకే ఎంత కొట్టినా లోపలికి పోలేదు,” అన్నాడు. “ఏం చేస్తాంలే ఒరీ, నువ్వు కొట్టినవన్నీ నా నడుముకే తగిలాయి,” అందామె. నవ్వి నవ్వి అందరికీ కళ్ళనీళ్ళొచ్చాయి.

వాడు మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. నర్సు కూడా తాళాల మాట ఎత్తలేదు. కానీ వరుస చివర డార్లీన్‌తోనూ అలాగే చెయ్యి కలిపేవాడు, “బాగా ఆడావ్,” అనేవాడు, వెళ్ళిపోయేవాడు. ఆమె వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకునేది.

“ఇంట్లోనే ఉన్నాడుగా డార్లీన్,” అన్నాను ఒకసారి.

“మనిషున్నాడు వదినా. నేనే లేను. రోజూ ఎదుటి జట్టుదాన్నై చెయ్యిచ్చి సాగనంపించుకుంటున్నా. నా మొగుడికి నేనెవరో చెప్పు.”

ఆ వరుసలో ఆమెను నిలబెట్టడం తప్పని మాకెవరికీ తట్టలేదు. చెయ్యి కలపాలంటే ఎదురు నిలబడాలి, అంతే తెలుసు మాకు.

రెండో చలికాలంలో, ఫిబ్రవరిలో అనుకుంటా, ఒరెస్ట్ ఆమె చెయ్యి అందుకుని వదల్లేదు. విరిగి వంకరగా అతుక్కున్న మణికట్టు మీద బొటనవేలు ఆనించి తడిమాడు. లైల్ ఒక అడుగు ముందుకు వేశాడు.

“నిన్నెవడు కొట్టాడు? నంబరు చెప్పు. వాడి సంగతి నే చూస్తా.”

డార్లీన్ చెయ్యి లాక్కోలేదు. “ఎవరూ కొట్టలేదు ఒరీ. ఆట అయిపోయిందిగా.”

“నువ్వు మా మనిషివి కదూ?” అన్నాడు ఆమె మొహంలోకి వంగి చూస్తూ. “ఆ వరుసలో ఏం పని నీకు? మనవాళ్ళు ఇటు నిలబడాలి. ఇటు రా.”

చెయ్యి పట్టుకుని లాగి తన పక్కన నిలబెట్టుకున్నాడు. పేరు గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు, ఆమె అడగలేదు. మర్నాటి నుంచీ ఆమె వాడి పక్కనే నిలబడింది. మేం వాడితో చెయ్యి కలిపి, తరవాత ఆమెతో కలిపేవాళ్ళం.

మంచు కరిగే రోజుల్లో ఊపిరితిత్తులకు నెమ్ము చేసి పోయాడు. డాక్టర్లు పరీక్షకు మెదడు అడిగితే డార్లీన్ ఇచ్చింది. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని మెదడు అరిగిపోయిందన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చప్పట్లు కొట్టిన ఊరు తల దించుకుని విన్నది, నాతో సహా.

చర్చి హాల్లో పెట్టె మూసేముందు ఆఖరి చూపుకి వరుస కట్టమన్నాడు ఫాదర్. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అందరూ కుడిచేతి తొడుగులు తీసేశారు. ఒక్కొక్కరే వచ్చి వాడి చేతి మీద చెయ్యి వేసి, “బాగా ఆడావ్ ఒరీ,” అని, పెట్టె పక్కన నిలబడ్డ డార్లీన్‌తో చెయ్యి కలిపి వెళ్ళారు. లైల్ మాత్రం వంగి వాడి చెవిలో ఏదో అన్నాడు. దగ్గరున్నాను గనక విన్నాను. మా ఊరి పేరు చెప్పాడు.

వరుసలో ఆఖరిదాన్ని నేను. తొడుగు తీసి చెయ్యి చాపబోయాను.

డార్లీన్ నా చెయ్యి పట్టుకుని లాగింది. “ఆ వరుసలో ఏం పని వదినా నీకు? ఇటు రా.”

వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాను.