బాబాయికి రాని రెండు భాషలు

ఎవరైనా కొత్త భాష నేర్చుకోవాలనుకుంటే ఒకదానితో సరిపెట్టుకుంటారు. బాబాయి మాత్రం రెండింటిని ఒకేసారి, ఒకదాన్ని ఇంకొకదానితో పోలుస్తూ నేర్చుకునేవాడు. ఒకటి చైనీసు, రెండోది కంబోడియా వాళ్ళు మాట్లాడే ఖ్మేర్. ఇంట్లో పిన్ని దీన్ని రోగం కింద జమకట్టింది. ఆయన పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని రెండు నాలుకల మాస్టారు అనేవారు.

ఆయన అక్కడ కటింగ్ మాస్టరు. ఆయన అన్నకూతురు అదే ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర కుట్లు సరిచూసేది. బాబాయి బట్ట మీద కత్తెర పెడితే వెంట్రుకవాసి తేడా రాదని ఆమెకు తెలుసు. అంత పనివాడు నోరు విప్పేసరికి ఎందుకలా తడబడతాడో మాత్రం ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

ఆయనకు గురువులు ఇద్దరు. మిషన్లు బాగుచేసే మెకానిక్‌ది చైనీసు. కొత్తగా చేరినవాళ్ళకు కుట్టు నేర్పే టీచరమ్మది ఖ్మేర్. ఇద్దరికీ తెలుగులో వచ్చినవి సరే, వద్దు, టీ అనే మూడు ముక్కలే. భోజనాల వేళ బాబాయి ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టేవాడు. నేర్చుకున్నది వెంటనే అన్నకూతురికి అప్పజెప్పేవాడు.

చైనీసులో ప్రాణమంతా రాగంలోనే ఉందట. 'మాయ్' అనే మాటను గొంతు కాస్త దించి పైకి లేపితే కొనడం, దబ్బున కిందికి దించితే అమ్మడం. ఖ్మేర్‌లో ఈ రాగాల బెడద లేదు కానీ అచ్చులు లెక్కకు మించి ఉంటాయి. పైగా మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలకుండా రాసుకుపోతారు. అయినా ఆ అక్షరాల కింద మనకున్నట్టే ఒత్తులున్నాయనీ, మన గురువే అక్కడ 'క్రూ' అయ్యాడనీ చెప్పి, దూరపు చుట్టాలు దొరికినంత సంబరపడేవాడు.

చెప్పడం వరకు బాగానే ఉండేది. మాట్లాడబోతేనే చిక్కు. రాగం అక్కర్లేని ఖ్మేర్‌ను జోలపాటలా సాగదీసి పాడేవాడు. రాగం తప్పనిసరైన చైనీసును స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పినట్టు చప్పగా వల్లించేవాడు. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. మెకానిక్ చెంచాతో బల్ల మీద కొట్టి హెచ్చుతగ్గులు చూపించేవాడు. ఆ చెంచా దెబ్బలకు ఆవిడ ఇంకా నవ్వేది. ఆవిడ నవ్వు చూసి మెకానిక్ కూడా నవ్వేవాడు.

ఒకరోజు బాబాయికి ఆరు సూదులు కావలసి వచ్చాయి. ఖ్మేర్‌లో ఆరు అనాలంటే ఐదూ ఒకటీ కలిపి చెబుతారు. బాబాయి ఆ లెక్కను తీసుకెళ్ళి చైనీసులో ఐదు, ఒకటి అన్నాడు. మెకానిక్ కాసేపు గడ్డం గోక్కుని యాభై ఒక్క సూదులు తెచ్చిచ్చాడు. మేనేజరు వచ్చి ఇదేమిటని అడిగితే, టీచరమ్మతో సహా ముగ్గురూ మూడు భాషల్లో సంజాయిషీ చెప్పుకున్నారు. మేనేజరు తల పట్టుకుని వెళ్ళిపోయాడు.

అన్నకూతురికి తల కొట్టేసినట్టయింది.

"ముందు ఒకటి నేర్చుకుని, ఆ తర్వాత రెండోది నేర్చుకోవచ్చుగా బాబాయ్?"

"ఒకటే నేర్చుకుంటే దేంతో పోల్చనమ్మాయ్?"

ఆమె విసవిసా తన టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక పొద్దున పని జోరుగా సాగుతుండగా బొత్తాలు కుట్టే మిషను సూది టీచరమ్మ వేలిలోకి దిగి అక్కడే ఇరుక్కుపోయింది. ఆవిడ నొప్పికి తాళలేక చెయ్యి వెనక్కి గుంజుకుంటోంది. పరుగెత్తుకొచ్చిన మెకానిక్ తన భాషలో ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. తనను తిడుతున్నాడేమో అనుకుని మరింత గుంజుకుంది. సూది లోపల విరిగితే వేలు దక్కదని చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. ఆ మాట ఆవిడకు ఎలా చెప్పాలో ఎవరికీ తెలియదు.

బాబాయి కత్తెర పడేసి వచ్చి ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మెల్లగా ఖ్మేర్‌లో మాట్లాడాడు. జోలపాట లేదు, తడబాటు లేదు. ఆవిడ గుంజుకోవడం ఆపింది. ఆయన మెకానిక్ వైపు తిరిగి చైనీసులో ఏదో అడిగాడు. గొంతు ఎక్కడ లేవాలో అక్కడ లేచింది, ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. మెకానిక్ కరెంటు ఆపేసి చక్రం కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, ఇప్పుడేం జరుగుతోందో బాబాయి ఆవిడకు చెబుతూనే ఉన్నాడు. సూది పైకి లేచింది. ఎముకకు దెబ్బ తగల్లేదని డాక్టరు చెప్పేవరకూ ఆయన ఆవిడను వదల్లేదు.

ఇదంతా అన్నకూతురు కళ్ళారా చూసింది. సాయంత్రం ఆయన్ని కటింగ్ బల్ల దగ్గర నిలదీసింది.

"నీకు రెండూ వచ్చు కదా?"

"వచ్చనుకో."

"మరి ఆ యాభై ఒక్క సూదులేంటి? ఆ పాటలేంటి?"

బాబాయి దొంగలా అటూ ఇటూ చూశాడు.

"వీళ్ళొచ్చిన కొత్తలో చూశావుగా అమ్మాయ్. ఆయన ఆ గోడకేసి, ఈవిడ ఈ గోడకేసి తిరిగి తినేవాళ్ళు. ఎవరితోనూ మాటల్లేవు. నాకు పాఠం చెప్పడానికే ఒక బల్ల దగ్గరికొచ్చారు. నన్ను చూసి నవ్వడానికి ఏ భాషా రానక్కర్లేదు. నాకు వచ్చేసిందంటే ఇక పాఠమెందుకు?"

ఇక ఆ బల్ల ఖాళీ అయిపోతుందని బాబాయికీ అన్నకూతురికీ బెంగ పట్టుకుంది. కానీ వేలికి కట్టుతో టీచరమ్మ పనిలోకి వచ్చిన రోజు మధ్యాహ్నం, మెకానిక్ బాబాయి కన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. ఆవిడా వచ్చింది. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకటే అడిగారు. తమకు తెలుగు నేర్పాలట.

బాబాయి పొంగిపోయి 'మన' అనే మాటతో మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ళను కూడా కలుపుకుని చెప్పే మాట అని రెండు భాషల్లోనూ విడమరిచి చెప్పాడు. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. మర్నాడు ఆవిడ వేలు చూపించి, "మన వేలు తగ్గింది" అంది. మెకానిక్ ఫోను జేబులో పెట్టుకుంటూ, "మన భార్య ఫోన్ చేసింది" అన్నాడు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ మాత్రం 'నా' అనాలయ్యా."

వాళ్ళకు నిజంగానే రావడం లేదో, బాబాయి విద్య బాబాయికే అప్పజెబుతున్నారో తెలియక అన్నకూతురు ముగ్గురి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది.

మెకానిక్ బుద్ధిగా తల ఊపి, "సరే, మన భార్యకు చెప్తాను" అన్నాడు.